ముందు నీళ్లు, తర్వాత మన్ను, ఆ తర్వాతే ఎరువు

నెల్లూరు

అబ్బయ్యా,

నీ మెయిల్ చూశా. పెన్నాలో నైట్రేట్ లెక్క కుదరడం లేదనీ, వాన, నేల, పైరు లెక్కల్ని బట్టి ఏట్లోకి ఏది ఎంత చేరుతుందో అంచనా కట్టే ఆ స్వాట్ మోడల్‌ని రాత్రంతా కంప్యూటర్‌కి వదిలేసి రెండు వేల సార్లు తిప్పించావనీ, పొద్దున చూస్తే డీనైట్రిఫికేషన్ గుణకం, అంటే నైట్రేట్ వాయువుగా మారి గాలిలోకి పోయే వేగం, పోయి పైహద్దు కాడ కూర్చుందనీ రాశావు. గుణకం అట్టా హద్దుకు ఆనుకుందంటే, నువ్వు పెట్టాల్సిందేదో పెట్టలేదని మొత్తుకుంటున్నట్టు. దాని నోరు నొక్కబాక.

నైట్రేట్‌ని కొన్నాళ్లు పక్కన పెట్టు. ముందు ప్రవాహం కుదరాలి, తర్వాత ఒండ్రు. భాస్వరం ఎక్కువగా మట్టిరేణువుల్ని పట్టుకుని వస్తుంది. నైట్రేట్ నీళ్లలో కరిగి, భూగర్భం గుండా కూడా ఏట్లోకి చేరుతుంది. నీళ్లే తప్పయితే ఆ తప్పుని సర్దడానికి మిగతావన్నీ వంకర తిరుగుతాయి.

ప్రవాహం అన్నాను గదా, నెల్లూరు కాడ పెన్నా వాన మాట వినదు, సోమశిల గేట్ల మాట వింటుంది. సుమారు 78 టీఎంసీల జలాశయాన్ని మోడల్ తనంతట తానే నడుపుతుందని వదిలేశావేమో చూసుకో. రోజువారీ విడుదల లెక్కలు అడిగి తెచ్చి, అక్కడి నుంచే మోడల్ మొదలుపెట్టు. కండలేరుకు మళ్లే నీళ్లు తీసెయ్యడం మరవబాక.

ఇక కయ్యలు. వానలో ఎంత నీరు నేల మీద పారిపోతుందో లెక్కకట్టే కర్వ్ నంబర్ పద్ధతి వాన పడగానే జారిపోయే నేలల కోసం పుట్టింది. మన కయ్యకు గట్టుంది, నీళ్లు నిలబడతాయి, ఆ నిలవనీళ్లలో నత్రజని కొంత గాలిలోకి పోతుంది. వరిని మామూలు మెట్టచేనులా పెట్టినందుకే నీ గుణకం అంత ఎత్తుకు ఎగబాకిందని నా అనుమానం.

ఎరువు మోతాదు సిఫార్సుల పట్టికలోంచి ఎత్తి రాయబాక. కాలవ మీద టీకొట్టు కాడ కూర్చుని ఎకరాకి ఎన్ని బస్తాలు, ఎన్ని దఫాలు చల్లారో అడుగు. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు, అందులో నత్రజని 20.7 కిలోలు. డీఏపీ సంచి మీద 46 శాతమని ఉండేది ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ లెక్క. 50 కిలోల సంచిలో అసలు భాస్వరం పది కిలోలే. దిగుబడి కూడా అడుగు. వాళ్లు పుట్లలో చెబుతారు, మన వైపు పుట్టి 850 కిలోలు. రైతు మూడున్నర పుట్లు కోసిన కయ్యలో నీ మోడల్ రెండు పుట్లే పండిస్తుంటే, పైరు తినాల్సిన నత్రజని ఎక్కడికి పోతుంది? ఏట్లోకే!

నా బుద్ధితక్కువ ఒకటి చెబుతా, నవ్వుకో. ఒక ల్యాబ్ వాళ్లు ఫలితాలు మొత్తం నైట్రేట్ బరువుగా ఇచ్చారు, నేను అందులోని నత్రజని బరువుగా చదివాను. రెంటికీ తేడా 4.43 రెట్లు. మూడు నెలలు గుణకాల్ని తిప్పి తిప్పి, ఆఖరికి దాదాపు కుదిర్చేశాను కూడా! అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. తిప్పేవాడికి ఓపికుంటే మోడల్ దేనికైనా కుదురుతుంది.

రొయ్యల గుంటల్ని కూడా కలపమని ఎవరో చెప్పారన్నావు. సముద్రం దగ్గరి గుంటల నీళ్లు నీ కొలత స్థానానికి దిగువన కలుస్తాయి. అక్కడి పాపం ఇక్కడ మోపితే ఎట్టా? ఊరి మురుగు మాత్రం ఎక్కడ కలుస్తుందో నడిచి చూసుకో.

నెలకొక సీసా నీళ్లతో వరద లెక్క తేలదు. మనకి పెద్ద వానలు ఐప్పసి, కార్తీకాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు నడుమ గదా. 2021 నవంబరు వరదలాంటప్పుడు నాలుగైదు రోజుల్లోనే చాలా సరుకు కొట్టుకుపోతుంది. నీళ్లు ఎక్కేటప్పుడొకటి, తగ్గేటప్పుడొకటి నమూనా పట్టు. వంతెన మీద నుంచే, తాడు కట్టి.

మొరియాసి బృందం 2007లో ఇచ్చిన కొలమానం ప్రకారం నెలవారీ ప్రవాహానికి 25 శాతం, నత్రజని, భాస్వరాలకు 70 శాతం దాకా పక్షపాతం, అంటే మోడల్ మొత్తం మీద కొలతకన్నా ఎక్కువో తక్కువో చూపడం, ఉన్నా సరిపెట్టుకోవచ్చు. అంత వెసులుబాటు ఇచ్చారంటేనే ఈ పని ఎంత కష్టమో తెలుస్తుంది. ఒకే జవాబు కోసం దేవులాడబాక. దాదాపు సమానంగా కుదిరిన గుణకాల గుంపులు నాలుగైదు ఉంచుకుని, వాటి మధ్య తేడాని కూడా థీసిస్‌లో చూపించు.

సెలవులకి వచ్చేటప్పుడు ఐస్‌పెట్టె తెచ్చుకో. సంగం దాకా నా స్కూటర్ మీద పోదాం, పెట్రోలు నీదే.

మీ పెదనాన్న