ఇంకా ఓడిపోని ఓవర్లు

పశ్చిమ మాంబళం, చెన్నై

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. ‘కూలిన కోట’ అని పేరు పెట్టావు. ముందు ఆ పేరు కొట్టెయ్. 2025 ఐపీఎల్‌లో చెన్నై సూపర్ కింగ్స్ తన సొంత మైదానం చెపాక్‌లో ఓడినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ కోటను కూలుస్తూనే ఉన్నారు. నువ్వు కూల్చడానికి రాళ్ళేమీ మిగల్లేదు.

పేరు సంగతి చిన్నది. వాక్యం నీకు బాగానే వచ్చు, లెక్కల్లోనూ తప్పుల్లేవు. 14 మ్యాచ్‌లు, 4 గెలుపులు, 8 పాయింట్లు, అయిదు సార్లు కప్పు గెలిచిన జట్టుకు మొదటిసారిగా పట్టికలో ఆఖరి స్థానం. అంతా నిజమే. నన్ను ఇబ్బంది పెట్టింది వేరే విషయం. మార్చిలో టాస్ వేసేటప్పటికే నీకు మే నెలాఖరు పట్టిక తెలుసు. అది చేతిలో పెట్టుకునే ప్రతి మ్యాచ్ చూశావు. మైదానంలో ఉన్న పదకొండు మందిలో ఒక్కరి దగ్గరా ఆ పట్టిక లేదు కదా. వాళ్ళకు తెలియనిది నీకు తెలుసు కాబట్టి వాళ్ళ మీద జాలిపడుతూ రాశావు. ఆ జాలి వల్ల నీ వ్యాసంలో ఒక్క బంతి కూడా ఉత్కంఠగా పడలేదు.

ఉదాహరణకు మార్చి 23. సీజన్‌లో మొదటి మ్యాచ్, ముంబైతో, చెపాక్‌లోనే. చెన్నై బౌలర్ నూర్ అహ్మద్ 18 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. రచిన్ రవీంద్ర 65 కొట్టి నాటౌట్‌గా ఉండి, సిక్సర్‌తో ముగించాడు. ఆ రాత్రి వాలాజా రోడ్డు మీద నడిచి వెళ్తున్నవాళ్ళకు ఇది ఓడే సీజన్ అని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాళ్ళు. ఈ మ్యాచ్ నీ వ్యాసంలో లేనే లేదు. ఓటమి కథలో గెలుపుకి చోటెందుకు అనుకున్నావేమో. ఆ గెలుపు లేకపోతే తర్వాతి ఓటమికి బరువెక్కడిది?

ఇక మార్చి 28. బెంగళూరు జట్టు 2008 తర్వాత మొదటిసారి చెపాక్‌లో చెన్నై మీద గెలిచింది, 50 పరుగుల తేడాతో. ధోనీ బ్యాటింగ్‌కు తొమ్మిదో స్థానంలో ఎందుకొచ్చాడని ఊరంతా తిట్టింది, నువ్వూ ఒక పేజీ తిట్టావు. కానీ ధోనీ ప్యాడ్లు కట్టుకునేసరికే ఆ మ్యాచ్ చేజారింది. అంతకుముందు బెంగళూరు ఇన్నింగ్స్‌లో రజత్ పటీదార్ ఇచ్చిన క్యాచ్‌లు ఒకటి కాదు, మూడు నేలపాలయ్యాయి. అతను 51 కొట్టాడు. తర్వాత చెన్నై ఛేదనలో హేజిల్‌వుడ్ ఒకే ఓవర్లో త్రిపాఠినీ కెప్టెన్ రుతురాజ్‌నూ పంపేశాడు. మ్యాచ్ ఎటైనా తిరగగలిగిన క్షణాలంటే ఇవి. అభిమానులకు ఎప్పుడూ ‘తలా’ ధోనీ ఒక్కడే కనిపిస్తాడు, అది వాళ్ళ హక్కు. నువ్వు చూడాల్సింది ఆ క్యాచ్ చేతిలో పడి జారిన మనిషిని. తర్వాతి ఓవర్లో అతను ఎక్కడ నిలబడ్డాడో, కెప్టెన్ అతన్ని అక్కడే ఉంచాడో మార్చాడో చూడు. ఇవి హైలైట్స్‌లో రావు. మ్యాచ్ మొత్తం మళ్ళీ చూడాలి. విసుగ్గా ఉంటుంది, అయినా తప్పదు.

ఏప్రిల్ 11న కోల్‌కతా చేతిలో ఓడిన మ్యాచ్‌కి నువ్వు రెండు పేజీలు ఇచ్చావు. దానికి రెండు వాక్యాలు చాలు. 20 ఓవర్లాడి 9 వికెట్లకు 103. కోల్‌కతా 10.1 ఓవర్లలో కొట్టేసింది. అందులో ఎటైనా తిరిగే ఓవర్ ఒక్కటీ లేదు, నీకు అక్కడ పని లేదు. అన్నిటికన్నా ఘోరంగా ఓడిన మ్యాచే అన్నిటికన్నా మంచి సరుకని కొత్తగా రాసేవాళ్ళంతా అనుకుంటారు.

దాన్ని అలా సాగదీసి, మే 3ను ఒక్క లైనులో దాటేశావే! నాకు నీ మీద నిజంగా కోపం వచ్చింది అక్కడే. బెంగళూరు చిన్నస్వామి స్టేడియం. రొమారియో షెపర్డ్ 14 బంతుల్లో 53. చెన్నై బౌలర్ ఖలీల్ అహ్మద్ వేసిన 19వ ఓవర్లో 33 పరుగులు. బెంగళూరు స్కోరు 213. పేపర్లన్నీ ఖలీల్ ఓవర్ దగ్గరే తీర్పు చెప్పేశాయి. కానీ తర్వాత ఏం జరిగింది? పదిహేడేళ్ళ ఆయుష్ మాత్రే, గాయపడ్డ రుతురాజ్ బదులు మధ్యలో వచ్చిన కుర్రాడు, 48 బంతుల్లో 94 కొట్టాడు. జడేజా 77తో ఆఖరిదాకా నిలిచాడు. అంటే ఖలీల్ ఓవర్ వల్ల పోయిందనుకున్న మ్యాచ్ మళ్ళీ చేతికొచ్చింది. ఆఖరి ఓవర్లో 15 కావాలి. ధోనీ అవుటయ్యాడు, దూబే నోబాల్‌ను సిక్సర్ కొట్టాడు, చివరికి 211 దగ్గర ఆగింది. 2 పరుగుల తేడా. ఇప్పుడు చెప్పు, ఓడింది ఎక్కడ? ఒక కారణం రాసి చేతులు దులుపుకోలేవు. 33 పరుగులు ఇచ్చిన ఖలీల్ ఆ తర్వాత డగౌట్‌లో కూర్చుని మాత్రే కొడుతుంటే చూస్తున్నాడు కదా. మాత్రే గెలిపిస్తే ఆ ఓవర్‌ను జనం మరిచిపోతారు. ఆ రెండు గంటలు అతనికి ఎలా గడిచి ఉంటాయో ఆలోచించు. అతని మనసులోకి దూరి డైలాగులు రాయమని కాదు సుమా, పరిస్థితిని వరసగా పెడితే చాలు, పాఠకుడికే అర్థమవుతుంది.

మన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ గురించి రాసిందీ అంతే. ఏప్రిల్ 25న హైదరాబాద్‌తో మ్యాచ్‌లో షమీ వేసిన మొదటి బంతికే అవుటయ్యాడు. దాన్ని సీజన్ మొత్తానికి గుర్తుగా వాడుకున్నావు. అతను గుర్తు కాదు, అప్పటికి ఇరవై ఏళ్ళ ఆటగాడు. 2022లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టుకి వైస్ కెప్టెన్. చెన్నై జట్టులో 2023 నుంచీ అప్పటిదాకా బెంచీ మీదే ఉన్నాడు. వరసగా అయిదు ఓటముల తర్వాత ఏప్రిల్ 14న లక్నోలో అవకాశం వస్తే ఓపెనర్‌గా వెళ్ళి 19 బంతుల్లో 27 కొట్టాడు, ఆ రోజు జట్టు గెలిచింది. లక్నో వదిలేసి చెపాక్ డకౌట్ ఒక్కటే రాస్తే అది అన్యాయం. రెండూ పక్కపక్కన పెట్టు, మధ్యలో నీ వ్యాఖ్య వద్దు.

ఆ 25వ తేదీ గురించే ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అది నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేరు. మీ నాన్నగారు సూళ్ళూరుపేట నుంచి లోకల్‌లో వచ్చి, సెంట్రల్‌లో మెట్రో ఎక్కి, గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగి నీతో చెపాక్ వచ్చారని, నువ్వు చెన్నై పసుపు చొక్కా, ఆయన హైదరాబాద్ నారింజ చొక్కా అని ఎక్కడో సగం వాక్యంలో పడేశావు. వ్యాసం మొత్తంలో బంగారం అదే, అమ్మాయీ. అప్పటికి రెండు జట్లదీ ఒకటే గతి, ఎనిమిదేసి మ్యాచ్‌లాడి రెండేసి గెలుపులు. మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాడికి ఏది సొంత జట్టు అన్నది మన ఇళ్ళలో నవ్వుతూ మొదలై తగువుతో ముగిసే విషయం. మా ఇంట్లో అయితే ఆ రోజు వంటగదిలో ఒక టీవీ, హాల్లో ఒక టీవీ. చెన్నై బ్యాటర్ బ్రెవిస్ 25 బంతుల్లో 42 కొట్టి, హైదరాబాద్ ఆటగాడు కమిందు మెండిస్ గాల్లోకి దూకి పట్టిన క్యాచ్‌కు వెళ్ళిపోయినప్పుడు మీ నాన్నగారు లేచి అరిచారా? అరిస్తే చుట్టూ ఉన్న పసుపు చొక్కాలు ఏమన్నాయి? నువ్వు ఆయన చొక్కా పట్టి లాగావా? చెపాక్‌లో చెన్నై మీద హైదరాబాద్ గెలవడం అదే మొదటిసారి. తిరుగు ప్రయాణంలో మీరిద్దరూ మాట్లాడుకున్నారా లేదా? ఇవన్నీ నీకు తెలుసు, నాకు తెలియవు. పాఠకుడికీ తెలియవు.

మే 3కి ఇచ్చిన ఆ ఒక్క లైను తప్పిస్తే, ఏప్రిల్ 30న పంజాబ్ చేతిలో ఓడి ప్లేఆఫ్ ఆశలు పోవడంతో నీ వ్యాసం కూడా ముగిసింది. నీ ఓపికా అక్కడే అయిపోయినట్టుంది. తర్వాత ఇంకా నాలుగు మ్యాచ్‌లు ఉన్నాయి. నన్నడిగితే అసలు ఆసక్తి అక్కడ మొదలవుతుంది. పోయేదేమీ లేని జట్టు ఎలా ఆడుతుంది? పెద్దలు పక్కకు తప్పుకుంటారా, పిల్లలకు బ్యాట్ ఇస్తారా? మే 7న ఈడెన్‌లో కోల్‌కతాను ఓడించారు. మే 25న అహ్మదాబాద్‌లో 230 కొట్టి గుజరాత్‌ను 83 పరుగుల తేడాతో ఓడించారు. గుజరాత్ అప్పటికి 18 పాయింట్లతో పట్టికలో పైన ఉంది. ఆ మ్యాచ్ గెలిచుంటే 20తో మొదటి రెండింట్లో నిలిచేది. మూడో స్థానానికి జారింది, ఎలిమినేటర్ ఆడాల్సి వచ్చింది, ముంబై చేతిలో ఓడి ఇంటికెళ్ళింది. అట్టడుగున ఉన్నవాడు పైవాడి గతి మార్చాడు. ఇంత కథ ఉంటే నువ్వు నెల ముందే కలం మూశావు.

కారణాలు కూడా రాయాలి, కాదనను. వేలంలో చేసిన ఎంపికలు, పవర్‌ప్లేలో నెమ్మది, మారుతూ పోయిన ఓపెనర్లు, రుతురాజ్ మోచేతి గాయం, సొంత పిచ్ అంతుపట్టక చెపాక్‌లో తమకు అనుకూలతేమీ లేదని కోచ్ ఫ్లెమింగే చెప్పడం. ఇవి ఒక పేరాలో సర్దెయ్. కారణాల జాబితా ఎవరైనా రాస్తారు, యూట్యూబ్ నిండా అవే.

ఒక పాత సంగతి చెప్పి వదిలేస్తాను. రంజీ ట్రోఫీలో మొట్టమొదటి మ్యాచ్ మన చెపాక్‌లోనే జరిగింది. 1934 నవంబర్ 4, మద్రాసుకీ మైసూరుకీ. మైసూరు 48, 59. మద్రాసు 130. ఒక్క రోజులో మొత్తం ముగిసింది. మద్రాసు తరఫున ఏ.జి. రామ్ సింగ్ 11 వికెట్లు తీశాడు, ఆయన పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓడినవాళ్ళ సంగతి? మొదటి ఇన్నింగ్స్ 48కి ముగిశాక మైసూరు వాళ్ళు మద్రాసును 130కి ఆపారు. అంటే ఆ రోజు మధ్యలో ఎక్కడో వాళ్ళకు కాస్త ఆశ పుట్టే ఉంటుంది. ఆ ఆశ ఏ ఓవర్లో పుట్టి ఏ ఓవర్లో పోయిందో నాకెంత తెలుసుకోవాలనుంటుందో! స్కోరుకార్డు ఆ మాట చెప్పదు.

నువ్వు చేయాల్సిన పని ఇది. వ్యాసాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టు. మే 3 మ్యాచ్‌లో ఛేదన ఆఖరి ఓవర్ ఒక్కటి తీసుకో. ఆరు బంతులూ వరసగా, ఫలితం తెలియనట్టు రాయి. నోబాల్ ఉంది కాబట్టి ఏడవుతాయి, లెక్క తప్పకు. విశేషణాలు వద్దు. ‘పోరాడి ఓడింది’ అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే కాగితం చించేస్తాను. అది కుదిరితే 25వ తేదీ మ్యాచ్‌కు వద్దాం. అప్పుడు మీ నాన్నగారినీ తీసుకురా. ఆదివారం సాయంత్రాలు నేను ఇంట్లోనే ఉంటాను, టీవీ మాత్రం ఆపేసి ఉంచుతాను.

ఆశీస్సులతో,
నీ మాంబళం పెద్దనాన్న