తప్పు చెప్పడం, చెప్పించుకోవడం

తమ్ముడూ,

టీమ్ లీడ్ అయ్యావని తెలిసి చాలా సంతోషమేసింది. నీ మెసేజ్‌లో మాత్రం వచ్చే వారం రివ్యూల టెన్షనే ఎక్కువ కనిపించింది. నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చున్నవాడికి తప్పు ఎలా చెప్పాలని అడిగావు కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

పని గురించి మాట్లాడు, మనిషి గురించి వద్దు. "నీకు శ్రద్ధ లేదు" అన్నావంటే అతను తనకు శ్రద్ధ ఉందని నిరూపించుకునే పనిలో పడతాడు, అసలు సంగతి పక్కకు పోతుంది. అదే "మంగళవారం పంపిన రిపోర్టులో రెండో పేజీ లెక్క మొదటి పేజీతో కలవలేదు, క్లయింట్ ఫోన్ చేసి అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది" అన్నావనుకో, అందులో వాదించడానికి ఏముంది? ఎప్పుడు, ఏం జరిగింది, దాని వల్ల ఏమైంది, అంతే. ఆ తర్వాత నువ్వు ఆగి, అతను చెప్పేది విను. చాలాసార్లు నీకు తెలియని కారణం ఏదో బయటపడుతుంది.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు అంతకుముందు జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, ఫీడ్‌బ్యాక్ వల్ల సగటున పనితీరు మెరుగుపడింది గానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో దిగజారింది! ధ్యాస పని మీద నుంచి "నేనెలాంటివాణ్ణి" అనే దాని మీదికి మళ్లేకొద్దీ ఫీడ్‌బ్యాక్ పనిచేయడం తగ్గుతుందని వాళ్ల వివరణ.

నేనూ ఒకసారి మీటింగ్‌లో అందరి ముందూ ఒక జూనియర్‌ని గట్టిగా అనేశాను. నేనన్నది నిజమే, కానీ ఆ రోజు నుంచి అతను ఏ ఇబ్బందీ నా దాకా తేలేదు, ఒక పని ఆలస్యమవుతోందని గడువు దాటాక గానీ నాకు తెలియలేదు. అది నేను చేసిన తప్పే, ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే అవతలి మనిషి ఒంటరిగా ఉన్నప్పుడే తప్పు చెప్పు, ఆ ఒకటి రెండు రోజుల్లోనే చెప్పు, రివ్యూ దాకా దాచిపెట్టకు. మెచ్చుకోలు కూడా అంతే, "బాగా చేశావ్" అని వదిలేయకుండా ఏది బాగుందో చెప్పు. విమర్శకు ముందూ వెనకా పొగడ్తలు అంటించే అలవాటు మాత్రం నాకు నచ్చదు, ఎందుకంటే తర్వాత నువ్వు నిజంగా మెచ్చుకున్నా అవతలివాళ్లు "కానీ" అనే మాట కోసం ఎదురుచూస్తారు.

నీకు ఎవరైనా చెప్పినప్పుడు వెంటనే సంజాయిషీ ఇవ్వకు. "ఒక ఉదాహరణ చెప్తారా?" అని అడిగి రాసుకో, ఒక రోజు గడిచాక మళ్లీ చదువు. చెప్పిన తీరు బాగోలేకపోయినా విషయం నిజం కావచ్చు. అన్నీ ఒప్పుకోవాలని లేదు, కానీ ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు అదే మాట అంటే అందులో ఏదో ఉన్నట్టే.

టీమ్‌ని "ఫీడ్‌బ్యాక్ ఏమైనా ఉందా" అని అడిగితే ఏమీ లేదంటారు. "నేను చేసే ఏ పని వల్ల నీ పని ఆగుతోంది?" అని అడుగు. మొదటిసారి ఎవరో ధైర్యం చేసి చెప్తారు చూడు, అప్పుడు నీ ముఖం ఎలా మారుతుందో అందరూ గమనిస్తారు. థ్యాంక్స్ చెప్పి, కుదిరితే ఆ వారంలోనే ఒక్కటైనా మార్చు.

నీ స్నేహితుడి రివ్యూని ఆఖరుకి నెట్టకు. సోమవారమే కూర్చో, చెప్పాల్సిన రెండు విషయాలు ముందే కాగితం మీద రాసుకుని వెళ్లు. అయ్యాక నాకు ఫోన్ చెయ్యి.

మీ అన్నయ్య