కావలి నుంచి ఒక తండ్రి ప్రశ్న: కొత్త కళాశాలలో సీఎస్‌ఈయా, పాత కళాశాలలో ఈసీఈయా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి పదో తరగతి వరకు కావలిలో, ఇంటర్ ఎంపీసీ విజయవాడలో చదివింది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 40 వేల లోపు ర్యాంకు వచ్చింది. మా ఊరికి దగ్గరలోనే కొత్తగా పెట్టిన కళాశాలలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్సు) ఖాయమంటున్నారు. నెల్లూరు వైపు పాత కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) రావచ్చు. ఒంగోలులో ఉండే మా బావమరిది, అమ్మాయి ఇంటర్ విజయవాడలో చదివింది కనుక అక్కడ స్థానికురాలే అవుతుందని, తన దగ్గరికి పంపమని అంటున్నాడు. అమ్మాయికి మాత్రం చెన్నైలోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయం మీద మనసు ఉంది. దానికి ఎకరం పొలం అమ్మాలి. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా పొలం సంగతి. మన రాష్ట్ర ప్రభుత్వ బోధన రుసుముల చెల్లింపు పథకం అర్హత ఉన్నవారికి కన్వీనర్ కోటా సీటుకే, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి వచ్చే సీటుకే అందుతుంది. చెన్నైలోని డీమ్డ్ విశ్వవిద్యాలయానికి వర్తించదు. కాబట్టి అక్కడి రుసుము, హాస్టలు, రాకపోకల ఖర్చు నాలుగేళ్లూ పూర్తిగా మీ మీదే పడతాయి. ఆ విశ్వవిద్యాలయం మీ అమ్మాయి మార్కులను చూసి రుసుములో పెద్ద రాయితీ ఇస్తానంటే ఆలోచించవచ్చు గాని, అలాంటిదేమీ లేకుండా ఎకరం అమ్మి చేర్చడాన్ని నేను సమర్థించను. ఇంట్లో పొలం అమ్మారన్న భారం మోస్తూ చదివే పిల్లలు, ఒక సబ్జెక్టు తప్పినా ఇంటికి చెప్పుకోలేక లోలోపల కుమిలిపోవడం నేను చాలాసార్లు చూశాను.

మీ బావమరిది గారి మాటలో ఒక పొరపాటు ఉంది. ఇంజనీరింగ్ ప్రవేశాలలో 85 శాతం సీట్లు ఆయా విశ్వవిద్యాలయ ప్రాంతపు స్థానికులకు కేటాయిస్తారు. మిగిలిన 15 శాతానికి అందరూ పోటీ పడతారు. నెల్లూరు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి, ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లా, విజయవాడ ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తాయి. ఇంటర్‌తో ముగిసే చివరి నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివి ఉంటే ఆ ప్రాంతమే స్థానికం. మీ అమ్మాయి విషయంలో రెండేళ్లు ఇటు, రెండేళ్లు అటు అయ్యాయి కనుక చివరి ఏడేళ్లను లెక్కిస్తారు. అందులో ఐదేళ్లు కావలిలోనే గడిచాయి. అంటే ఆమె ఒంగోలులో స్థానికేతరురాలే అవుతుంది. మంచి ర్యాంకు ఉన్నా అక్కడ 15 శాతం సీట్లకే పోటీ పడవలసి వస్తుంది. కావలికి నెల్లూరూ ఒంగోలూ దూరంలో పెద్ద తేడా లేనివే అయినా, సీట్ల లెక్కలో మాత్రం చాలా తేడా ఉందని ఆయనకు చెప్పండి.

ఇక మిగిలింది అసలు చిక్కు: కొత్త కళాశాలలో సీఎస్‌ఈయా, పాత కళాశాలలో ఈసీఈయా. దీనికి జవాబు బ్రాంచి పేరులో లేదు, ఆ కళాశాలలో ఆ బ్రాంచి ఏ స్థితిలో ఉందన్న దానిలో ఉంది. న్యాక్ గుర్తింపు కళాశాల మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కొక్క బ్రాంచికి విడివిడిగా ఇస్తారు. కాబట్టి ‘మాకు ఎన్‌బీఏ ఉంది’ అని ఎవరైనా అంటే, ఏ బ్రాంచికి, ఏ సంవత్సరం వరకు అని అడగండి. కొత్త కళాశాలకు ఇవేవీ ఇంకా ఉండకపోవచ్చు. అది నేరమేమీ కాదు గాని, అప్పుడు మీరు కళ్లారా చూసి తెలుసుకోవలసినవి ఎక్కువవుతాయి. ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లకు మించకూడదన్న పరిమితిని సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2024-25 నుంచి తొలగించడంతో సీఎస్‌ఈ సెక్షన్లు బాగా పెరిగాయి. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది నిబంధన. వారి పేర్లు, అర్హతలు కళాశాల తన వెబ్‌సైటులో పెట్టాలి. ఆ జాబితా చూసి, అందులో ఎందరు నిజంగా తరగతికి వస్తున్నారో రెండో సంవత్సరం విద్యార్థులను అడగండి.

ఇందుకు ఆదివారం కాకుండా, తరగతులు జరిగే రోజున ముందుగా చెప్పకుండా వెళ్లండి. కొన్నేళ్ల క్రితం మన జిల్లాలోనే ఒక కళాశాలలో నాకు కంప్యూటర్ ల్యాబు చూపించారు. వరుసగా యాభై యంత్రాలు, అన్నింటికీ కొత్త తెరలు. ఒకదానిని ఆన్ చేయమని అడిగితే తాళంచెవి ఉన్న వ్యక్తి సెలవులో ఉన్నాడన్నారు! ప్లేస్‌మెంట్ల (కళాశాల ద్వారా వచ్చే ఉద్యోగాల) విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడు ఉద్యోగాలుగా లెక్క చూపడం పరిపాటి. ఫ్లెక్సీ మీద ఉండే అత్యధిక జీతం ఒక్కరిది. ఆ బ్రాంచిలో ఎందరు చేరితే ఎందరికి ఉద్యోగం వచ్చింది, సగటు విద్యార్థికి ఎంత జీతం వచ్చింది అన్నవే మీకు పనికివచ్చే ప్రశ్నలు.

ఈ ప్రశ్నలకు పాత కళాశాల చక్కగా జవాబు చెప్పగలిగితే, అక్కడ ఈసీఈ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. ఈసీఈ చదివిన వారికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల దారి మూసుకుపోదు. చాలా కంపెనీలు అన్ని బ్రాంచిల వారినీ పరీక్షకు అనుమతిస్తాయి. పైగా బీటెక్‌కు కావలసిన 160 క్రెడిట్లకు అదనంగా మరికొన్ని క్రెడిట్లు సాధించి, వేరే బ్రాంచిలో మైనర్ డిగ్రీ (అదనపు అనుబంధ అర్హత) పొందే వీలు ఉంది; ఆ కళాశాలలో కంప్యూటర్ సైన్సు మైనరును నిజంగా నడుపుతున్నారా అన్నది మాత్రం చేరకముందే తెలుసుకోవాలి. అయితే అమ్మాయికి సర్క్యూట్లు, గణితం అంటే అయిష్టమైతే ఈ మాట చెల్లదు.

ఇంకొక సంగతి తల్లిదండ్రులు చివరన ఆలోచిస్తారు గాని, నా దృష్టిలో అది మొదటి వరుసలో ఉండాలి. కావలి నుంచి నెల్లూరు సుమారు 55 కిలోమీటర్లు. కాలేజీ బస్సు ఊళ్లన్నీ తిరిగి వెళ్లేసరికి రోజుకు మూడు గంటలు దారిలోనే పోతాయి. ఇంటికి వచ్చిన పిల్ల భోజనం చేసి పడుకోవడం తప్ప మరేమీ చేయలేదు. కనీసం మొదటి రెండేళ్లు హాస్టలులో ఉంచగలరేమో చూడండి. పొలం అమ్మకుండా మిగిల్చిన డబ్బులో ఈ ఖర్చు చాలా చిన్నది.

కౌన్సెలింగ్‌లో కోరుకున్న కళాశాలలను వరుసగా పెట్టే ఆప్షన్ల గురించి క్లుప్తంగా చెబుతాను. కిందటేడాది ఏ ర్యాంకు వరకు సీటు వచ్చిందో చూపే చివరి ర్యాంకుల పట్టికలో మీ సామాజిక వర్గానికి, బాలికలకు సంబంధించిన గడినే చూడండి. బాలికలకు మూడో వంతు సీట్లు కేటాయిస్తారు కనుక ఆ అంకె వేరుగా ఉంటుంది. రాకపోవచ్చు అనిపించిన కళాశాలను పైన పెట్టడం వల్ల కింద ఉన్నవాటికి నష్టం ఉండదు. చేరడం ఇష్టం లేని కళాశాలను మాత్రం జాబితాలో ఎక్కడా పెట్టవద్దు. ఇంటికి వచ్చే కళాశాలల ప్రతినిధులకు అసలు ధ్రువపత్రాలు గాని, ఫోనుకు వచ్చే ఓటీపీ గాని ఇవ్వవద్దు.

చేరిన తరువాత మొదటి సెమిస్టరే కీలకం. ఇంటర్‌లో ఉదయం నుంచి రాత్రి వరకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చదివించారు. ఇక్కడ ఆ కాపలా ఉండదు, చాలామంది జారిపోయేది ఈ మార్పులోనే. జేఎన్‌టీయూ విధానంలో థియరీ సబ్జెక్టులకు 30 మార్కులు తరగతి పరీక్షలవే కనుక వాటిని తేలికగా తీసుకోకూడదు. హాజరు 75 శాతం ఉండాలి. 65 శాతం కంటే తగ్గితే పరీక్షలకే అనుమతి ఉండదు. అనేక కంపెనీలు పదో తరగతి నుంచి బీటెక్ వరకు 60 శాతం మార్కులు, బ్యాక్‌లాగులు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) లేకపోవడం అడుగుతాయి. మొదటి ఏడాది మిగిలిపోయిన గణితం పేపరు నాలుగో ఏడాది ఇంటర్వ్యూ గది బయటే ఆపేస్తుంది. తరగతిలో అర్థం కాని సబ్జెక్టుకు ఐఐటీల అధ్యాపకులు చెప్పిన ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, పరీక్ష రాస్తేనే రుసుము ఉంటుంది. వేసవి ఇంటర్న్‌షిప్ విషయంలో డబ్బిస్తే ధ్రువపత్రం చేతిలో పెట్టేవారి జోలికి పోనివ్వకండి.

కళాశాలలు చూడడానికి వెళ్లేటప్పుడు అమ్మాయిని తప్పక వెంట తీసుకువెళ్లండి. అక్కడి విద్యార్థినులతో ఆమెను ఒంటరిగా ఓ అరగంట మాట్లాడనివ్వండి. హాస్టలు భోజనం, నీళ్లు, సాయంత్రం ల్యాబు తెరిచి ఉంటుందా లేదా అన్న సంగతులు మీ ఎదుట కంటే వాళ్లు ఆమెకే నిజంగా చెబుతారు. మీరు ఆ సమయంలో క్యాంటీనులో కూర్చుని టీ తాగండి.