ఇంట్లో చేతకానివాణ్ణి, గోదాములో ఇన్‌ఛార్జిని: వీరిలో నేనెవరిని?

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. విజయవాడలో మందుల గోదాముకు ఇన్‌ఛార్జిని. నా కింద పన్నెండు మంది పనిచేస్తారు. లారీ ఆలస్యమైనా, సరుకు లెక్కలో తేడా వచ్చినా అందరూ నా దగ్గరికే వస్తారు. సెలవులకు రాజమహేంద్రవరంలోని మా ఇంటికి వెళితే మాత్రం వేరే మనిషినైపోతాను. ఏ పని ముట్టుకున్నా ‘ఇలా చేయమంటారా నాన్నా’ అని అడుగుతాను. మొన్న గ్యాస్ సిలిండర్ మారుస్తుంటే నాన్నగారు వచ్చి, ‘నీ వల్ల కాదులే, తమ్ముణ్ణి పిలు’ అన్నారు. నిజంగానే చేతులు వణికి రెగ్యులేటర్ బిగించలేకపోయాను. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. చిన్నప్పటి నుంచి నేను మెతక, తమ్ముడు చురుకు. మాఘమాసంలో చెల్లెలి పెళ్ళి. వంటవాళ్ళు, మండపం, పురోహితుడు, అన్నీ తమ్ముడికే అప్పగించారు. నన్ను మాత్రం వచ్చినవాళ్ళను పలకరిస్తే చాలన్నారు. గోదాములో నేను చేసేది నటనేనా? అసలు నేనెవరిని?

జవాబు: నటన అయితే ఇన్నాళ్ళు నిలబడేది కాదు. మీ దగ్గర పనిచేసేవాళ్ళకు మీ బాల్యంతో పనిలేదు. సరుకు లెక్క తేలుతోందా లేదా అన్నదే వాళ్ళు చూస్తారు. అది తేలుతోంది కనుకనే మీ దగ్గరికి వస్తున్నారు.

అలాగని ఇంట్లో వణికిన చేతులు వేరెవరివో కావు. రెండింటిలో ఏదో ఒకటే అసలుదై ఉండాలనే పట్టుదల ముందు వదిలిపెట్టండి. మనిషిని ఎరిగినవాళ్ళు ఎంతమంది ఉంటే అతనికి అన్ని సామాజిక రూపాలు ఉంటాయని అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశారు. గోదాము, ఇల్లు మీలోని రెండు వేర్వేరు మనుషుల్ని బయటికి పిలుస్తున్నాయి. ఇంట్లోవాడు వయసులో చిన్నవాడు. అతన్ని పిలవడం ఇంట్లో ఎవరూ మానలేదు, మీతో సహా.

మీతో సహా అని ఎందుకంటున్నానో చెబుతాను. ‘చిన్నప్పటి నుంచి నేను మెతక, తమ్ముడు చురుకు’ అని రాశారు కదా, ఆ మాట ఎవరన్నారో రాయలేదు. నాన్నగారా? మేనత్తగారా? ఎవరో ఎప్పుడో అన్న మాట ఇప్పుడు పుట్టుమచ్చలా మీ ఒంటి గుర్తుల్లో చేరిపోయింది. 1902లో చార్లెస్ హోర్టన్ కూలీ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ సంగతినే వివరించారు. ఆయన చెప్పినదాని సారం ఇది: ఎదుటివారికి నేను ఎలా కనిపిస్తున్నానో ఊహించుకుంటాను. దాన్ని చూసి వారు నా గురించి ఏమనుకుంటున్నారో కూడా ఊహించుకుంటాను. ఆ ఊహను బట్టి గర్వపడతాను, లేదా సిగ్గుపడతాను. మొదటి రెండూ ఊహలేనని గమనించండి. తర్వాతి కాలంలో జరిగిన పరిశోధనలను 1979లో ఒకచోట చేర్చి చూసినప్పుడు తేలిందీ ఇదే: మన గురించి మనకున్న అభిప్రాయం, ఇతరులు నిజంగా అనుకునేదానితో కంటే, వారు అనుకుంటున్నారని మనం అనుకునేదానితోనే ఎక్కువగా కలుస్తుంది.

సిలిండర్ దగ్గర నాన్నగారు అన్నమాట ఊహ కాదు, నిజంగానే అన్నారు. అది కటువైన మాటే, కాదనను. కానీ అంతకుముందు ‘ఇలా చేయమంటారా నాన్నా’ అని అడిగినప్పుడల్లా ఆయన మీకు చెప్పక తప్పని పరిస్థితిని మీరే కల్పిస్తున్నారు. లారీ దిగుమతి దగ్గర ఇలా అడుగుతారా? మనిషి తన గురించి తనకున్న అభిప్రాయాన్ని, అది చెడ్డదైనా సరే, ఎదుటివారి చేత ఖాయం చేయించుకుంటాడని మనస్తత్వవేత్త విలియం స్వాన్ 1980లలో చూపించారు. తెలిసిన చెడ్డపేరు తెలియని మంచిపేరు కంటే నిలకడగా అనిపిస్తుంది, అందుకే. పాతికేళ్ళుగా మీ ఇంట్లో సాగుతున్నది ఈ ఇచ్చిపుచ్చుకోవడమే. ఇందులో నాన్నగారి తప్పు ఎంతో, మీది ఎంతో తూకం వేసి చెప్పడం నావల్ల అయ్యే పని కాదు. అది తేలినా మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఎవరేమనుకుంటే నాకేమిటి అనుకొమ్మని కొందరు చెబుతారు. నేను చెప్పను. మనస్తత్వవేత్తలు హేజెల్ మార్కస్, షినోబు కితయామా 1991లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, అమెరికాలో మనిషి తనను విడి వ్యక్తిగా చూసుకుంటే, ఆసియాలోని చాలా సమాజాల్లో తనవారితో అల్లుకున్న వ్యక్తిగా చూసుకుంటాడని వివరించారు. చెల్లెలి పెళ్ళిలో అన్నగా చోటు కావాలనుకోవడం బలహీనత కాదు. ఆ కోరికను తీసేసుకుంటే మీలో సగం పోతుంది.

ఇక చేయవలసింది. విడిది ఏర్పాట్లు ఎవరికి అప్పగించారో మీ ఉత్తరంలో లేదు. పెళ్ళివారు ఎంతమంది, ఎన్ని గదులు, స్టేషన్ నుంచి ఎన్ని వాహనాలు, తెల్లవారుజామున కాఫీలు ఎవరందిస్తారు, ముసలివాళ్ళకు కింది గదులు దొరికాయా లేదా: ఇదంతా మీరు రోజూ చేసే పనే. సరుకు స్థానంలో మనుషులుంటారు, అంతే. ‘విడిది పని నేను చూసుకుంటాను’ అని చెప్పండి. ‘చూసుకోమంటారా’ అని అడగవద్దు. గదుల జాబితా కాగితం మీద రాసి నాన్నగారి చేతికివ్వండి. లెక్కల మాస్టారు కదా, అంకెలు చూస్తే చదవకుండా ఉండలేరు. ఒక తప్పు పట్టుకుంటారు కూడా. పట్టుకోనివ్వండి. దాన్ని దిద్ది పని కొనసాగించండి, మొత్తం కాగితం తమ్ముడికి ఇచ్చి పక్కకు తప్పుకోకండి.

ధైర్యం వచ్చాక చేస్తానని ఆగకండి. మనం ఎలాంటివాళ్ళమో చాలాసార్లు మనం చేసిన పనులను చూసే తెలుసుకుంటామని మనస్తత్వవేత్త డారిల్ బెమ్ 1972లో వాదించారు. బయటివాళ్ళు మనల్ని చూసి తెలుసుకున్నట్టే. గోదాములో మీకు నమ్మకం వచ్చింది కూడా పని మొదలుపెట్టిన తర్వాతే అయి ఉంటుంది. ఒక్క పెళ్ళితో ఇంట్లో మీ పేరు మారిపోతుందని మాత్రం లెక్కవేసుకోవద్దు. తాంబూలాల సంచులు పంచుతున్నప్పుడు కూడా నాన్నగారు ఏదో ఒకటి అనవచ్చు.

తమ్ముడితోనూ ఒకసారి విడిగా మాట్లాడండి. చురుకైనవాడనే పేరు మోసేవాడికి అన్ని పనులూ నెత్తిన పడతాయి, పొరపాటు చేసే వీలు ఉండదు. మీరు విడిది తీసుకుంటానంటే అతను ఊపిరి పీల్చుకుంటాడేమో. కనీసం అడ్డు చెప్పకపోవచ్చు.

చేతుల వణుకు ఇంట్లోనే కాకుండా పనిచోట కూడా మొదలైనా, నిద్ర, ఆకలి తగ్గినా మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. విడిది సంగతి మాత్రం ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడే, అమ్మగారు, తమ్ముడు, చెల్లెలు అందరూ ఉన్నప్పుడు నాన్నగారికి చెప్పండి. కాగితం ముందే రాసుకుని వెళ్ళండి.