యూరియా నీళ్లు తాగిన ఆవుకు వెనిగర్ ఎందుకు పట్టారు?

ప్రశ్న: పొలంలో డ్రిప్పు పైపుల్లో వదలడానికి బకెట్లో కలిపి ఉంచిన యూరియా నీళ్లను మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) ఆవు తాగేసింది. అరగంటకే నోట నురగ, వణుకు మొదలయ్యాయి. డాక్టరు గారు గొట్టం వేసి చల్లని నీళ్లు, వెనిగర్ పట్టి బతికించారు. కాలేజీలో చదివే మా అమ్మాయి దీన్ని ప్రోటోనేషన్ అంటోంది. అంటే ఏమిటండీ? ఇకపై మేమే వెనిగర్ పట్టవచ్చా?
– పాడి రైతు, హొసకోటె, బెంగళూరు గ్రామీణ జిల్లా

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. హైడ్రోజన్ పరమాణువు తన ఎలక్ట్రాన్‌ను కోల్పోతే మిగిలేది ప్రోటాన్. అది వేరొక అణువుకు వచ్చి చేరడమే ప్రోటోనేషన్; దానితోపాటు ధన విద్యుదావేశం కూడా చేరుతుంది కనుక ఆ అణువు నడత మారిపోతుంది.

ఆవు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను చాలా వేగంగా అమ్మోనియాగా విడగొడతాయి. ఆవేశం లేని అమ్మోనియా పొట్ట గోడను సులువుగా దాటి రక్తంలో కలుస్తుంది; కాలేయం దాన్ని తిరిగి యూరియాగా మార్చగలిగినంతవరకు ఫరవాలేదు గానీ, ఆ శక్తిని మించితే మీరు చూసిన వణుకు, నురగ కనిపిస్తాయి. అదే అమ్మోనియాకు ఒక ప్రోటాన్ చేరితే అమ్మోనియం అవుతుంది, ఆవేశం వల్ల గోడ దాటలేక చాలామటుకు పొట్టలోనే ఉండిపోతుంది.

ఏది ఎంత ఉంటుందన్నది ఉదజని సూచికను (పీహెచ్; పులుపు పెరిగితే ఇది తగ్గుతుంది) బట్టి ఉంటుంది. సూచిక 6 దగ్గర ఉన్నప్పుడు అమ్మోనియా వంతు వెయ్యింటికి ఒకటి దరిదాపు, 8కి పెరిగితే పదింటికి ఒకటి దరిదాపు. యూరియా విడిపోయేకొద్దీ అమ్మోనియాయే ప్రోటాన్లను లాక్కుని సూచికను పైకి నెడుతుంది కాబట్టి విషం అంతకంతకూ ముదురుతుంది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ప్రోటాన్లను అందించి ఆ సూచికను కిందికి దించుతుంది. చల్లని నీళ్లు యూరియేజ్ వేగాన్ని తగ్గిస్తాయి. అప్పటికే రక్తంలో కలిసిన దాన్ని మాత్రం వెనిగర్ వెనక్కి తేలేదు, అందుకే ఆలస్యం పనికిరాదు.

వెనిగర్ సీసాలు ఇంట్లో ఉంచుకోండి, కానీ మీరుగా పట్టకండి. తూలుతున్న ఆవు సరిగా మింగలేదు, నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే మరో ప్రమాదం. కడుపు ఉబ్బింది కదా అని వంట సోడా నీళ్లు పట్టే అలవాటు మన వైపు ఉంది. యూరియా తాగిన పశువుకు అది అసలే వద్దు, ఎందుకంటే పొట్టలో ఉన్న ప్రోటాన్లను కూడా సోడా హరించి అమ్మోనియా వంతును పెంచుతుంది. ఎరువు కలిపిన బకెట్‌ను కొట్టం దగ్గర, అందులోనూ మూత లేకుండా, ఎప్పుడూ ఉంచవద్దు.