హిందీ రాదు, డాన్స్ రాదు: ఎన్‌ఎస్‌ఎస్ జాతీయ సమైక్యతా శిబిరానికి వెళ్లొచ్చా?

ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వలంటీర్లు వేర్వేరు రాష్ట్రాల నుంచి వచ్చి వారం పాటు కలిసి ఉండే శిబిరానికి కాలేజీ నుంచి మీ పేరు పంపారు, హిందీ రాదు, స్టేజీ మీద డాన్స్ చేయలేను, ఇంట్లో అమ్మకు భయం, వెళ్లాలా వద్దా అని అడిగారు. వెళ్లండి. డిగ్రీలో నేనూ ఇలాగే వరంగల్ నుంచి ఒడిశాలో జరిగిన శిబిరానికి వెళ్లాను.

హిందీ సంగతి అసలు పట్టించుకోకండి. మా గదిలో తమిళనాడు వాళ్లకీ రాదు, మిజోరం వాళ్లకీ రాదు. వచ్చీరాని ఇంగ్లీషుతో, చేతులు ఊపుకుంటూ వారం గడిచిపోయింది. పొద్దున యోగా, జెండా, శ్రమదానం, తర్వాత ఉపన్యాసాలు, సాయంత్రం కల్చరల్స్. ఉపన్యాసాల్లో కొన్ని బాగుంటాయి, కొన్నిటికి నిద్రొస్తుంది.

డాన్స్ రాకపోయినా పనికి కొదవుండదు. మాకు అక్కడ తంగేడు, గునుగు దొరకలేదు. బంతిపూలతోనే బతుకమ్మ పేర్చాం. పేర్చడం తెలిసినమ్మాయికి ఆ సాయంత్రం దక్కిన గౌరవం ఆడినవాళ్లకు కూడా దక్కలేదు.

నా మట్టుకు అసలు లాభమంతా భోజనాల దగ్గరే. ఒక ఒడిశా వలంటీరు తన నోట్‌బుక్ చూపించాడు. ఊళ్లవారీగా రక్తదాతల పేర్లు, గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ. పక్కన ఇంకో గడి: పొరుగింటివాళ్ల ఫోన్ నంబరు. దాత పొలంలో ఉండి ఫోన్ ఎత్తకపోతే పొరుగువాళ్లే కబురు పెడతారట. మేం అప్పటిదాకా పేర్లు రాసుకుని ఊరుకునేవాళ్లం. వచ్చాక మా యూనిట్ రిజిస్టర్‌లోనూ ఆ గడి గీశాం. అందుకే మీ ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ దత్తత తీసుకున్న గ్రామంలో చేసిన పని గురించి రెండు ముక్కలు, నాలుగు ఫోటోలు సిద్ధంగా పెట్టుకోండి. చెప్పడానికి మీ దగ్గర ఏదైనా ఉంటేనే అవతలివాళ్లూ నోరు విప్పుతారు.

టీ టైమ్‌లో వేరే రాష్ట్రాల ప్రోగ్రామ్ ఆఫీసర్ల పక్కన కూర్చోండి. క్లాసులు చెప్పుకుంటూ యూనిట్ నడిపేవాళ్లు, నిధులు ఆలస్యమైతే క్యాంపు ఎలా లాక్కొచ్చారో వాళ్ల నోటే వినాలి. 1969లో 37 విశ్వవిద్యాలయాలతో మొదలైన పథకం ఎన్‌ఎస్‌ఎస్. ఆ పాతకాలం కబుర్లు తెలిసిన పెద్దాయన ఒకరు మాకు తగిలారు. మన బ్యాడ్జి మీదున్నది కోణార్క్ రథచక్రమని, దాని ఎనిమిది ఆకులు (చువ్వలు) రోజులోని ఎనిమిది జాములకు గుర్తని ఆయనే చెప్పారు. రోజూ చొక్కాకు తగిలించుకుంటున్నా నాకు అప్పటిదాకా తెలియదు!

దుప్పటి, తాళంకప్ప, టమాట పచ్చడి పెట్టుకోండి (మూడోరోజుకల్లా రొట్టెల మీద విసుగొస్తుంది). రైలు టికెట్లు పారేయకండి, మమ్మల్ని చివర్లో అడిగారు. బాత్రూముల దగ్గర మాత్రం క్యూ తప్పదు, తెల్లారకముందే లేవాలి.

ఇక అమ్మ టెన్షన్. మాతో ఒక మేడమ్ వచ్చారు. మీ టీమ్‌తో ఎవరు వస్తున్నారో కాలేజీలో కనుక్కుని, బయల్దేరే ముందే అమ్మతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించండి. మా ఇంట్లో ఒప్పుకున్నది అలాగే.