పాత టైర్లు షోరూమ్‌లో వదిలేసి రాకండి

ప్రశ్న: కొత్త పర్‌ఫార్మెన్స్ కారు కొని 14 నెలలైంది. 11 వేల కిలోమీటర్లకే వెనక టైర్లు రెండూ లోపలి అంచున తీగలు తేలేలా అరిగిపోయాయి. బయటి అంచు చూస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి. 5 వేల కిలోమీటర్లప్పుడు డీలర్ వర్క్‌షాప్‌లోనే అలైన్‌మెంట్ చేయించాను. ఇప్పుడేమో వాళ్లు ‘మీ డ్రైవింగ్ వల్లే, టైర్ల సంగతి టైర్ కంపెనీని అడగండి’ అంటున్నారు. టైర్ కంపెనీ ‘ఇది అలైన్‌మెంట్ లోపం, మాకు సంబంధం లేదు’ అంటోంది. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అయితే ముందు రెండు పనులు చేయండి. తీగలు తేలిన టైర్లతో ఇంకా తిరగడం ప్రాణాలకే ముప్పు కాబట్టి కొత్తవి వేయించుకోక తప్పదు. ఆ పాతవి మాత్రం ఇంటికి తెచ్చుకోండి. చాలామంది వాటిని చెత్తలో పడేసి, ఫోన్లో నాలుగు ఫోటోలు పట్టుకుని మా లాయర్ల దగ్గరకు వస్తారు. ఫోటోను ల్యాబ్‌కు పంపలేం కదా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 ప్రకారం, పరీక్షిస్తే తప్ప తేలని లోపమైతే వినియోగదారుల కమిషనే వస్తువుకు సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. 45 రోజుల్లో రిపోర్టు ఇమ్మంటుంది. ఫీజు మీరే కట్టాలి.

రెండోది, అలైన్‌మెంట్ సరిచేయించే ముందు ఇప్పుడున్న రీడింగ్ ప్రింట్ తీయించండి. డీలర్‌తో సంబంధం లేని వర్క్‌షాప్ అయితే మేలు. ఒకసారి సరిచేశాక పాత కొలతలు ఇక దొరకవు.

ఎదుటి లాయర్ ఏమంటారో ఇప్పుడే చెబుతాను. ఇలాంటి కార్లలో మలుపుల్లో పట్టు కోసం చక్రం పైభాగం కాస్త లోపలికి వాలి ఉండేలా ఫ్యాక్టరీలోనే పెడతారు. నెగటివ్ క్యాంబర్ అంటే అదే. దానికి తోడు టైరు రబ్బరు మెత్తన. కాబట్టి లోపలి అంచు కొంత ముందుగా అరగడం సహజమే అంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఇంత తొందరగా తీగల దాకా తినేసిందంటే నా అనుమానం టో (పైనుంచి చూస్తే చక్రం నేరుగా కాక లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మీదికే పోతుంది. టో తప్పితే టైరు దొర్లుతూనే పక్కకు ఈడ్చుకుపోతుంది. టైరు మీద అడ్డంగా అరచేతితో రాసి చూడండి (తీగలున్న చోట వద్దు, చెయ్యి కోసుకుంటుంది). ఒకవైపు నున్నగా, వెనక్కి రాస్తే రంపం పళ్లలా తగిలితే ఆ అనుమానం బలపడుతుంది.

రీడింగ్ కంపెనీ ఇచ్చిన పరిధిలోనే ఉంటే మీ కేసు బలహీనం. దాటి ఉంటే, ఎప్పటి నుంచి అన్నదే అసలు ప్రశ్న. 5 వేల కిలోమీటర్ల నాటి ప్రింట్‌లోనే టో తప్పుగా ఉండి కూడా ‘ఓకే’ అని పంపించారా? అది సేవాలోపం. అప్పుడు సరిగ్గా ఉండి ఇప్పుడు తప్పితే, గుంతలో పడి ఉంటుందని వాళ్లంటారు. రిమ్ వంగలేదని, సస్పెన్షన్ బుష్ (కీళ్ల దగ్గరుండే రబ్బరు ముక్క) అరిగిందని నిపుణుడి రిపోర్టు ఉంటే ఆ మాట నిలబడదు, వ్యవహారం కారు వారంటీలోకి వస్తుంది. లోపం రుజువు చేసే భారం మీదేనని మరిచిపోకండి. సేవాలోపం విషయంలో సుప్రీంకోర్టు 2021లో కూడా ఇదే చెప్పింది. కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు గానీ, చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు గానీ వేయించి ఉంటే మీ లాయర్ దగ్గర దాచకండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే మాకే టెన్షన్.

కొందరు దీన్ని ‘ప్రొడక్ట్ లయబిలిటీ’ (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం) కింద వేద్దామంటారు. కుదరదు. చట్టంలోని ఆ అధ్యాయంలో ‘హాని’ అంటే వస్తువుకే జరిగిన నష్టం లెక్కలోకి రాదు. టైరు పేలి మనిషికి దెబ్బ తగిలితే అది వేరే సంగతి. మీది లోపమున్న వస్తువు, సేవాలోపం కింద వేయాల్సిన ఫిర్యాదు. డీలర్, కార్ల కంపెనీ, టైర్ కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరి మీద ఒకరు తోసుకునేది కమిషన్ ముందే తోసుకుంటారు.

మీరు ఉండే చోటే వేసుకోవచ్చు. కారులోనే లోపమంటే మీరు కారుకు కట్టిన మొత్తం చూస్తారు. 50 లక్షల దాకా జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, అదీ దాటితే జాతీయ కమిషన్. గడువు రెండేళ్లు. నోటీసులు పంపుతూ కూర్చుంటే అది ఆగదు.

5 వేల కిలోమీటర్ల నాటి ప్రింట్ మీ దగ్గర ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఇవాళే డీలర్‌కు ఈమెయిల్ పెట్టి అడగండి. ఫోన్లో అడగొద్దు.